చొక్కా వాసన

కంటి ఆసుపత్రి పై అంతస్తులో, కిటికీకి నల్లతెర వేసిన పరీక్ష గది. మాట్లాడుతున్నది కంటి డాక్టరమ్మ, పిట్ట అనే అమ్మాయి నానమ్మ. పదిహేనేళ్ల పిట్ట పక్కగదిలో కంటి ఫోటోలు తీయించుకుంటోంది.

“చుక్కలేవో రాసిచ్చి పంపెయ్యి తల్లీ. కంట్లో చిన్న మచ్చ అన్నావుగా. మచ్చకి ఇంత హడావిడెందుకు?”

“మచ్చ అనలేదు మామ్మగారూ. గడ్డ అన్నాను.”

“నువ్వు గడ్డ అనే ఉంటావు, నాకు మచ్చ అని వినపడింది. నా చెవులు అంతే, వాటికి ఏది కావాలో అదే వింటాయి.”

“అందుకే మళ్లీ చెప్తున్నాను. కాస్త స్థిమితంగా కూర్చోండి.”

“కూర్చునే ఉన్నా. ఈ స్టూలు తిరుగుతోంది గానీ నేను కూర్చునే ఉన్నా. ముందు ఇది చెప్పు, దాని చేతికి ఆ పచ్చమందు ఎందుకెక్కించారు? పిల్ల మొహం నిమ్మపండైపోయింది.”

“అది రంగు మందు. రక్తంలో కలిసి కంటి వెనక ఉన్న సన్న రక్తనాళాల్లోకి పోతుంది. ఎక్కడ కారుతోందో అక్కడ ఫోటోలో వెలుగుతుంది. రేపటికి ఒంటి రంగు మామూలైపోతుంది. ఇవాళంతా ఒంటేలు పచ్చగా వస్తుంది, కంగారుపడకండి.”

“ముందే చెప్పి బతికించావు. లేకపోతే ఇంటికెళ్లాక ఇల్లు పీకి పందిరేసేదాన్ని.”

“ఇటు, ఈ తెర మీద చూడండి. ఇది పిట్ట ఎడమ కన్ను, లోపలి గోడ. ఏం కనిపిస్తోంది?”

“నారింజపండు తొక్కలా ఉంది. దాని మీద ఏరులూ కాలవలూ. ఇక్కడ, ఈ చివర... ఎర్రపూస. పూసకి రెండు దారాలు గుచ్చినట్టుంది.”

“సరిగ్గా చెప్పారు. ఆ పూసే గడ్డ. ఉత్త రక్తనాళాలే ముద్దకట్టి గడ్డయ్యాయి. ఒక దారం దానికి రక్తం తెస్తుంది, రెండోది తీసుకుపోతుంది. మామూలుగా అయితే అవి వెంట్రుకంత సన్నగా ఉండాలి. ఎంత లావెక్కాయో, ఎలా మెలికలు తిరిగాయో చూశారా?”

“చూశాను. చుట్టూ ఈ పచ్చగా వెన్న రాసినట్టున్నది ఏమిటి?”

“గడ్డలోంచి నీరు కారుతోంది. ఆ నీరు చూపు మధ్యలోకి చేరింది, దాంతో వచ్చిన కొవ్వు అలా పేరుకుంది. పిట్టకి అక్షరాలు వంకరగా కనపడుతున్నాయన్నది అందుకే.”

“వాళ్ల టీచరేమో చదువు ఎగ్గొట్టడానికి అలా చెప్తోందంది. నేనూ ఒకటి అంటించాను వీపు మీద. ఇది... ఇది ఆ పెద్ద రోగమేనా తల్లీ? దాచకు.”

“కాన్సర్ కాదు. కంట్లో ఉన్నది కాన్సర్ కాదు. కానీ వదిలేస్తే నీరు కారి కారి, కంటి వెనక పొర గోడకున్న కాగితం ఊడినట్టు ఊడొస్తుంది. అప్పుడా కన్ను నా చేతిలో ఉండదు.”

“కోస్తావా?”

“కొయ్యను. అది ఉత్త రక్తం ముద్ద, కత్తి పెట్టే చోటు కాదు. లేజరు వెలుగుతో కాలుస్తాను, కొద్దికొద్దిగా. చిన్నగా ఉన్నప్పుడు దొరికింది కాబట్టి అంతటితో సరిపోతుందని ఆశ. ఇంకాస్త పెద్దదైతే చలితో మంచులా గడ్డకట్టించే పద్ధతి ఇంకోటి ఉంది, దానికి మత్తు కావాలి. ఒక్కసారికి పోకపోవచ్చు, మళ్లీ రావాలి.”

“వస్తాం. ఎన్నిసార్లంటే అన్నిసార్లు వస్తాం, నాకేం పని. నువ్వు కాల్చు. సంతకం ఎక్కడ పెట్టమంటావో చెప్పు, నేను వేలిముద్ర కాదు, సంతకమే పెడతాను. మా ఆయన నేర్పాడు, చెక్క మీద బొగ్గుతో.”

“అమ్మో నాన్నో వస్తే మంచిది.”

“కోడలు బట్టల ఫ్యాక్టరీలో కుడుతుంది. భోజనాల గంట కొట్టేదాకా ఫోనెత్తనివ్వరు.”

“నాన్న?”

“వాడు పని మీద వెళ్లాడు.”

“ఎక్కడికి?”

“దూరం. పెద్ద పని. ఏదో హోటలట, తలుపులూ కిటికీలూ అన్నిటికీ పాలిష్ పెట్టాలి. వాడు చెక్కపనికి పాలిష్ పెడతాడులే. వాడు పెట్టిన బీరువాలో మొహం చూసుకుని బొట్టుబిళ్ల సర్దుకోవచ్చు. ఇంతకీ ఈ లేజరు మండుతుందా? పిల్ల ఓర్చుకోలేదు.”

“చురుక్కుమంటుంది, అంతే. మామ్మగారూ, ఆయన ఫోన్ నంబరివ్వండి.”

“అక్కడ ఫోన్లు కలవవు.”

“హోటల్లో ఫోన్లు కలవవా?”

“కట్టేదే ఇంకా. కట్టడం పూర్తయ్యాక కలుస్తాయేమో.”

“నాకు ఆయన కావాల్సింది సంతకానికి కాదు.”

“మరెందుకు?”

“పిట్ట కుడి కంట్లో కూడా ఒకటుంది.”

“కుడి కంట్లోనా?”

“చాలా చిన్నది. గుండుసూది తలంత. ఆ కంటికింకా ఏమీ తెలీదు, చూపు బాగానే ఉంది. కానీ ఉంది. ఇందాక మొదటి ఫోటోలో వెలిగింది.”

“దానితో అన్నావా?”

“ఇంకా లేదు. మీతో ముందు మాట్లాడదామని.”

“మంచిపని చేశావు. అనకు. నేను చెప్తాను, మెల్లిగా, అన్నం తినిపించి చెప్తాను. రెండు కళ్లూ... ఏం పాపం చేసిందని తల్లీ?”

“పాపం కాదు మామ్మగారూ. ఒక్క కంట్లో, ఒక్కటే ఉంటే దాని మానాన అది పుట్టిందనుకోవచ్చు. రెండు కళ్లలో ఉందంటే, పుట్టుకతో ఒంట్లో మోసుకొచ్చిందేమోనని అనుమానించాలి. అమ్మ వైపు నుంచో నాన్న వైపు నుంచో. అలా అయితే కళ్లతో ఆగదు. తలలో, వెన్నులో, మూత్రపిండాల్లో ఇలాంటివే పెరగొచ్చు. అందుకని ఇంట్లో అందర్నీ చూడాలి. మీ వైపు ఎవరికైనా చూపు పోయిందా?”

“మా వైపు ఎవరికీ ఏమీ లేదు.”

“అడగ్గానే చెప్పేశారు. ఆలోచించండి.”

“ఆలోచించడానికేముంది. అందరివీ గట్టి కళ్లు. నేను ఈ వయసులో సూదిలో దారం ఎక్కిస్తాను. కోడలు వైపు చూసుకో, వాళ్ల నాన్న సోడాబుడ్డి అద్దాలు పెట్టుకునేవాడు.”

“అద్దాలు కాదు. ఒక కన్ను పూర్తిగా పోయినవాళ్లు.”

“లేరంటున్నానుగా. మా ఆయన సంగతే తీసుకో. వడ్రంగి. తలుపు చెక్కని ఇలా ఎత్తిపట్టుకుని, ఆ ఒంటికన్నుతోనే చూసి, ఎక్కడ వెంట్రుకంత వంకరుందో చెప్పేవాడు. రెండు కళ్లున్నవాళ్లు వచ్చి చెప్పించుకునేవాళ్లు.”

“ఒంటికన్నుతోనా?”

“అది దెబ్బ. రోగం కాదు. చెక్క పేడు ఎగిరి కంట్లో పడింది. వడ్రంగం అన్నాక పేడు ఎగరదా?”

“మీరు చూశారా పేడు పడటం?”

“చూడటమేమిటి, అందరికీ తెలిసిందే.”

“మీరు చూశారా?”

“నేను పక్కనే ఉన్నా. కిటికీకి గడియ బిగిస్తున్నాడు. నేను పొయ్యి మీద పాలు పెట్టి, వచ్చి మేకులు అందిస్తున్నా. ఉన్నట్టుండి సుత్తి దించి, ‘ఏమే, ఈ పక్క ఎవరో దుప్పటి కప్పినట్టుందే’ అన్నాడు. నేను దుప్పటేమిటి అని చుట్టూ చూశాను. అంతలో పాలు పొంగి మాడిపోయాయి. ఆ గిన్నె మాడు ఎంత తోమినా పోలేదు, నా పెద్దకూతురి పెళ్లికి కూడా ఆ గిన్నె అలాగే—”

“కంట్లోంచి రక్తం వచ్చిందా?”

“రక్తమా... లేదు.”

“నొప్పి? నీళ్లు కారాయా? కన్ను ఎర్రబడిందా?”

“లేదు. దుప్పటి అన్నాడు, అంతే. దీపం వెలిగించి చూశాను, కన్ను కన్నులాగే ఉంది.”

“మరి పేడని ఎవరన్నారు?”

“మా అత్తగారు. ‘వడ్రంగోడి కంట్లో పేడు కాక ఇంకేం పడుతుంది’ అంది. ఆవిడ అన్నాక ఇంకెవరు మాట్లాడతారు. ఆయనా అలాగే చెప్పుకునేవాడు తరవాత్తరవాత. నువ్వు ఎందుకు రాసుకుంటున్నావు తల్లీ? ఇది పాత కథ.”

“నాకు పాత కథలే కావాలి. ఆయన ఎలా పోయారు?”

“ఒంటేల్లో రక్తం పడింది. వేడి చేసిందన్నారు. నడుం పక్కన ఇక్కడ, నా పిడికిలంత గట్టిగా తగిలేది. మజ్జిగ పోశాం, ఆకుపసర్లు పోశాం, ఎవరేం చెప్తే అది పోశాం. కర్రలా ఎండిపోయాడు. వాడప్పుడు ఇంకా పసివాడు, పిట్ట వాళ్ల నాన్న. తండ్రి మంచం పట్టిన గదిలోకి పోనిచ్చేదాన్ని కాదు. ఏం? నీ మొహం అలా అయిందేం?”

“మామ్మగారూ, పిట్ట వాళ్ల నాన్నని నేను చూడాలి. ఇవాళే.”

“చెప్పానుగా, పని మీద—”

“హోటల్ పేరేమిటి?”

“గుర్తులేదు.”

“అప్పుడెప్పుడో మాడిన గిన్నె గుర్తుంది, కొడుకు వెళ్లిన చోటు గుర్తులేదా మీకు?”

“పాతవి గుర్తుంటాయి, కొత్తవి జారిపోతాయి. ముసలాళ్ల బుర్ర అంతే.”

“ఏ బస్సెక్కారు? ఎవరు తీసుకెళ్లారు?”

“నువ్వు కంటి డాక్టరువా, పోలీసువా తల్లీ?”

“మీ అబ్బాయికి కూడా ఇదే ఉండొచ్చు. ఆయనకే తెలియకుండా. మీరు దాచేది ఏదైనా సరే, దానికంటే ఇది పెద్దది.”

“నేనేం దాచట్లేదు. దాచేదేముంది. ఆ, అదిగో పిట్ట వచ్చింది. రా అమ్మా, రా. నీకోసం బిస్కట్లు కొన్నాను. ఎంత పచ్చగా ఉన్నావే, మామిడిపండులా.”

“నానమ్మా, వాళ్లు అద్దం చూపించారు. నాలుక కూడా పచ్చగానే ఉంది. డాక్టర్‌గారూ, కంట్లో లేజరుతో కాలుస్తారని వాళ్లన్నారు, ఇవాళేనా?”

“కాలుస్తాను. ముందు ఒక్క విషయం పిట్టా. మీ నాన్నగారు పని చేస్తున్న హోటల్ ఎక్కడో నీకు తెలుసా?”

“ఏ హోటలు?”

“పిట్టా, నువ్వు బిస్కట్ తిను.”

“ఏ హోటలు నానమ్మా? నాన్న మాన్పించే చోట ఉన్నాడు కదా.”

“నోరు మూసుకోవే.”

“ఏం మాన్పించే చోటు పిట్టా?”

“తాగుడు మాన్పించేది. వానలు తగ్గాక అమ్మా నానమ్మా కలిసి దిగబెట్టి వచ్చారు. అక్కడ పెద్ద గేటుంటుంది. లోపలికి పోయాక ఇంట్లోవాళ్లతో మాట్లాడనివ్వరు.”

“అయిపోయింది. పరువు కాస్తా ఊడ్చి పారేశావు. డాక్టరమ్మా, ఇంటి గుట్టు నాలుగు గోడలు దాటకూడదని నేను—”

“మామ్మగారూ, తాగుతారా ఆయన?”

“తాగకపోతే ఎందుకు పంపుతాం? మా వీధంతా చూసింది. పట్టపగలు గోడ పట్టుకుని నడిచేవాడు. కాళ్లు ఇంత ఎడంగా వేసి, పడవలో నిలబడ్డవాడిలా. పిల్లలు వెనకాల అలాగే నడిచి చూపించేవాళ్లు. నా కొడుకుని. నేను తలుపేసుకుని కూర్చునేదాన్ని.”

“ఎప్పటి నుంచి?”

“మొన్న వానలు మొదలైనప్పటి నుంచి.”

“పొద్దుటా? సాయంత్రమా?”

“వాడికి పొద్దూ సాయంత్రమూ లేదు. లేస్తూనే తల పట్టుకునేవాడు. మంచినీళ్లు కూడా తాగకుండానే భళ్లున కక్కేవాడు. రాత్రి తాగింది పొద్దున్నే బయటికొస్తోందని కోడలు బకెట్టు విసిరేసేది. కాసేపు తిరిగాక తేరుకుని పనికి పోయేవాడు, మళ్లీ సాయంత్రానికి అదే తూలుడు.”

“పొద్దున్నే తలనొప్పి. లేస్తూనే వాంతి. ఎడంగా కాళ్లేసి నడక. పిట్టా, చేతులు వణికేవా?”

“ఊరికే ఉంటే వణకవు. గ్లాసు అందుకోబోతే వణికేవి. గ్లాసు దగ్గరికెళ్లి పక్కకి పోయేది చెయ్యి. ఒకసారి నవ్వుకున్నాం కూడా, నాన్నా నేనూ. ‘నా చెయ్యికి నా మాట వినపడట్లేదే పిట్టా’ అన్నాడు.”

“ఇంకా?”

“పాలిష్ బ్రష్షు గీత దాటిపోయేది. ఒక ఇంట్లో తలుపుకి పెడుతూ పెడుతూ తెల్లగోడ మీదకి పోయిందట. వాళ్లు తిట్టి పంపేశారు. ఆ రోజు నాన్న ఏడ్చాడు. ఎప్పుడూ గీత దాటలేదట.”

“తాగి బ్రష్షు పట్టుకుంటే గీత దాటదా మరి?”

“నానమ్మా, నాన్న తాగలేదు.”

“నాన్నని వెనకేసుకురాకు.”

“అమ్మ కూడా ఇదే అంది.”

“మామ్మగారూ, ఒక్క నిమిషం. ఆయన తాగడం ఎవరైనా చూశారా? సీసా దొరికిందా?”

“సీసా ఎందుకు? పనిసంచిలో క్యాన్లకి క్యాన్లు స్పిరిట్టుంటుంది. లక్క ముక్కలు ఆ స్పిరిట్లో కరిగించే కదా పాలిష్ చేస్తారు. పాలిష్‌వాళ్లలో కొందరు ఆ స్పిరిట్టే నీళ్లు కలిపి తాగేస్తారు, నేను ఎరుగుదును. వాడితో పాటు పని నేర్చినవాడొకడు అలాగే పోయాడు. ఇక సీసాతో పనేముంది?”

“వాసన?”

“వాసనా? గుమ్మంలోకి రాగానే గుప్పుమనేది.”

“నోటి నుంచా?”

“నోటి నుంచో ఒంటి నుంచో. నాలుగడుగుల దూరానికే కొడుతుంటే, దగ్గరికెళ్లి ఎవరు చూస్తారు?”

“నేను చూశాను.”

“నువ్వా?”

“నాన్న నిద్రపోతుంటే మొహం మీదకి వంగి చూశాను. చాలాసార్లు. నోరు వాసన రాదు నానమ్మా. చొక్కా వాసన. చొక్కా విప్పి దండెం మీద వేస్తే, దండెం తాగినట్టు వాసన. నాన్న పెళ్లికాకముందు నుంచీ అదే చొక్కా వాసన అని నువ్వే చెప్పావు. అమ్మతో చెప్తే చెంప మీద కొట్టింది. నీతో చెప్తే చదువుకోపో అన్నావు.”

“నేనెప్పుడు అన్నాను?”

“నువ్వు టీవీ చూస్తున్నావు.”

“డాక్టరమ్మా, నువ్వు చెప్పు. ఏమిటిది?”

“స్కాన్ తీసేదాకా ఖాయంగా చెప్పలేను. కానీ వినండి. మీ ఆయన కంట్లో పడింది పేడు కాదనుకుంటున్నాను. పిట్ట కంట్లో ఉన్నదే. నడుం పక్క గడ్డ కూడా దాని తోబుట్టువే. ఆయన నుంచి మీ అబ్బాయికి, మీ అబ్బాయి నుంచి పిట్టకి. అందరికీ రావాలని లేదు, బొమ్మా బొరుసూ లాంటిది. మీ అబ్బాయికి అది తల వెనక భాగంలో పెరిగితే, నడక తూలుతుంది, చేతులు గురి తప్పుతాయి. పడుకుని లేచేటప్పటికి లోపల ఒత్తిడి పెరిగి తలనొప్పి, వాంతి. మందు చుక్క తాకనక్కర్లేదు.”

“వడ్రంగి కాబట్టి పేడన్నాం. పాలిష్‌వాడు కాబట్టి...”

“మామ్మగారూ.”

“మేం ఇద్దరం చెరో చెయ్యి పట్టుకుని ఎక్కించాం తల్లీ ఆటోలో. ‘అమ్మా, నేను తాగలేదే’ అన్నాడు. తాగినవాడు తాగానంటాడా అని ఆటోవాడు నవ్వాడు. నేనూ... నేనూ నవ్వాను.”

“నానమ్మా, ఏడవకు. డాక్టర్‌గారూ, నాన్నకి తగ్గుతుందా?”

“అలాంటి గడ్డే అయితే ఆపరేషన్ చేసి తియ్యొచ్చు. తీస్తే చాలామంది మళ్లీ మామూలుగా నడుస్తారు. కానీ ఆలస్యం చెయ్యకూడదు. లోపల ఒత్తిడి మరీ పెరిగితే మగతలోకి వెళ్లిపోతారు. అప్పుడు నిద్రనుకుని ఎవరూ లేపరు. ఆ చోటు నంబరుందా?”

“నా దగ్గరుంది. అమ్మ ఫోన్లోంచి చూసి నోట్‌బుక్ అట్ట మీద రాసుకున్నాను. ఇదిగో.”

“చేస్తున్నాను. స్పీకరు పెడతాను, మీరిద్దరూ మాట్లాడొద్దు. హలో? నేను కంటి ఆసుపత్రి నుంచి డాక్టర్ని మాట్లాడుతున్నాను. మీరెవరు?”

“ఇక్కడ చూసుకునేవాణ్ణి మేడం. చెప్పండి.”

“మీ దగ్గర పాలిష్ పనిచేసే ఆయన ఒకరున్నారు, వానలు తగ్గాక చేరారు. ఆయన కూతురికి నేను వైద్యం చేస్తున్నాను. ఆయన ఎలా ఉన్నారు?”

“పాలిష్ అన్నయ్యా? బాగానే ఉన్నాడు మేడం. వాంతులవుతున్నాయి, అది మంచిదే. లోపలి విషమంతా పోవాలి కదా.”

“ఇంకా వాంతులవుతున్నాయా? ఇన్నాళ్లు మందు లేకుండా ఉన్నాక కూడా?”

“కొందరికి ఆలస్యంగా పోతుంది మేడం.”

“నడక?”

“తూలుతున్నాడు. గోడ పట్టుకునే తిరుగుతాడు.”

“మీ గేటు లోపల, మందు దొరకని చోట, తూలుతున్నాడు. మీకేమీ అనిపించలేదా?”

“నాకేమనిపిస్తుంది మేడం, ఎవరైనా దొంగతనంగా తెచ్చిస్తున్నారేమోనని రెండుసార్లు పరుపు తిరగేశాం. ఏమీ దొరకలేదు.”

“నిద్రమాత్రలిస్తున్నారా?”

“రాత్రిపూట ఒకటి. అందరికీ ఇస్తాం.”

“ఇక ఇవ్వకండి. ఒక్కటి కూడా. నేను అంబులెన్సు పంపిస్తున్నాను. తలకి స్కాన్ తియ్యాలి. ఆయన్ని సిద్ధంగా ఉంచండి.”

“అలా పంపడానికి వీల్లేదు మేడం. పెట్టిన గడువు పూర్తవ్వాలి. ఇంట్లోవాళ్లు వచ్చి సంతకం పెట్టాలి.”

“వాళ్ల అమ్మ ఇక్కడే ఉన్నారు.”

“నేనే నాయనా వాళ్లమ్మని. చెయ్యి పట్టుకుని తెచ్చి దిగబెట్టినదాన్ని. ఆ రోజు నీకు దండం కూడా పెట్టాను, నీలం చొక్కా వేసుకున్నావు, పై గుండీ లేదు. ఇప్పుడు నేనే చెప్తున్నాను, వాణ్ణి పంపించు. సంతకం కావాలంటే బండిలో నేనూ వస్తాను.”

“పెద్దమ్మా, మీరు ఇప్పుడు తొందరపడితే మొత్తం పాడైపోతుంది. వచ్చిన కొత్తలో అందరూ తాగలేదనే అంటారు. అన్నయ్య కూడా మొండికేశాడు. మా పద్ధతేమిటంటే, రోజూ అందరి ముందు నిలబడి తాగుబోతునని ఒప్పుకోవాలి. ఒప్పుకున్నాకే బాగుపడటం మొదలవుతుంది. అన్నయ్య ఇప్పుడిప్పుడే దారిలోకొస్తున్నాడు.”

“ఆయన ఇప్పుడు మెలకువగా ఉన్నారా? అది చెప్పండి ముందు.”

“పడుకున్నాడు మేడం. పొద్దుటి నుంచీ పడుకునే ఉన్నాడు. మేం లేపం, నిద్ర మంచిది కదా.”

“లేపండి. ఇప్పుడే, నేను లైన్లో ఉండగానే వెళ్లి లేపండి. లేవకపోతే నాకు చెప్పండి.”

“సరే మేడం, సరే. ఆగండి.”

“డాక్టర్‌గారూ, నాన్న లేవకపోతే?”

“లేస్తారు.”

“మీకెలా తెలుసు?”

“తెలీదు పిట్టా. నానమ్మ చెయ్యి పట్టుకో.”

“దాని చెయ్యి చల్లగా ఉందేమిటి తల్లీ? ఈ పచ్చమందు వల్లేనా?”

“కాదు మామ్మగారూ. భయం వల్ల.”

“నాకూ అలాగే ఉంది. ఏమిటంతసేపు? గది ఎంత దూరమని? అడుగుల చప్పుడొస్తోంది విను. ఒకళ్లవా, ఇద్దరివా?”

“ఇద్దరివి నానమ్మా. ఒకళ్లు ఈడుస్తున్నారు.”

“మేడం, లేచాడు. కాస్త మబ్బుగా ఉన్నాడు గానీ లేచాడు. ఇదిగో, ఇస్తున్నాను. రెండు నిమిషాలే.”

“అమ్మా?”

“నాన్నా. నేనేరా.”

“అమ్మా, కంటి డాక్టరంటున్నాడు ఈ అన్న. పిట్ట కంటికేమైంది?”

“నాకేం కాలేదు నాన్నా. నేనిక్కడే ఉన్నా. పచ్చగా అయిపోయాను, అంతే.”

“పచ్చగా అవ్వడమేమిటే?”

“దాని కన్ను బాగవుతుంది, ఈ తల్లి చేస్తుంది. నువ్వు నా మాట విను. బండి వస్తుంది, ఎక్కెయ్యి. నీకు ఒంట్లో ఏదో ఉందట, దానివల్లే తూలుతున్నావట. నువ్వు తాగలేదు నాన్నా.”

“ఎవరు చెప్పారు?”

“పిట్ట. ఎప్పుడో చెప్పింది. నేనే వినిపించుకోలేదు. నువ్వు తాగలేదు.”

“తాగలేదా? నిజంగానా అమ్మా? మరి నిన్న అందరి ముందూ లేచి నిలబడి ఒప్పేసుకున్నానే. ఎప్పుడు తాగానో ఎంత ఆలోచించినా గుర్తు రాలేదు. నువ్వు కూడా అన్నావంటే తాగే ఉంటాననుకున్నాను.”